వాచ్యం కాని ఎత్తు

పర్వతమంటే శిఖరమేనని మనకు అలవాటు చేసింది కావ్యం. పెద్దన తన ప్రవరుణ్ణి పాదలేపం మహిమతో హిమాలయానికి పంపినప్పుడు అతని కళ్ళబడినవి ఆకాశాన్ని తాకే కొండకొమ్ములు, వాటి మీదినుంచి దూకే నీళ్ళు, చుట్టూ పచ్చగా పెరిగిన చెట్లు. తెలుగువాళ్ళ ఊహలో హిమాలయం నేటికీ అదే. నిజానికి అది ఆ పర్వతానికి దక్షిణ ముఖం. నైరుతి మబ్బు వచ్చి కురిసేది ఆ ముఖం మీదే కాబట్టి అడవి, జలపాతం, పూలవాసన అన్నీ అటే ఉన్నాయి. ఆ గోడ దాటి వెనక్కి వెళ్ళినవాడు మన ప్రబంధాల్లో కనబడడు.

వెనక ఉన్నది ఒక మైదానం. సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్ల టిబెట్ పీఠభూమి. అంత ఎత్తున అంత విశాలంగా పరుచుకున్న నేల భూమ్మీద ఇంకెక్కడా లేదు. దక్షిణాన హిమాలయం, ఉత్తరాన కున్‌లున్, పడమట కారకోరం దాన్ని చుట్టుకుని ఉన్నాయి. అందులో ఊళ్ళు అరుదైన, పంట అంతగా పండని, గొర్రెలూ మేకలూ యాక్‌లూ తిరిగే ఎత్తైన బయళ్ళను చాంగ్‌థాంగ్ అంటారు. దాని పడమటి కొస లద్దాఖ్ ఆగ్నేయ మూలలోకి చొచ్చుకొచ్చింది. రుప్షు, కోర్జోక్, న్యోమా, హాన్లే అనే పేర్లూ, త్సో కర్, త్సో మోరిరి, పాంగోంగ్ అనే మూడు సరస్సులూ ఆ మూలవే. నేను చెప్పబోయేదంతా ఆ కొస గురించే. ప్రకృతి రచనల్లో అంతటి నిగ్రహం ఉన్నది మరొకటి నాకు తెలియదు.

అక్కడ అడుగుపెట్టిన మనిషిని ముందుగా తికమకపెట్టేది ఎత్తు కనబడకపోవడం. త్సో మోరిరి ఒడ్డున నిలబడి తూర్పుకు చూస్తే లుంగ్‌సెర్ కాంగ్రి, చామ్‌సెర్ కాంగ్రి పక్కపక్కన కనిపిస్తాయి. రెండూ 6,600 మీటర్లు దాటిన పర్వతాలు. కాని మనం నిలబడ్డ నీటి అంచే 4,500 మీటర్ల మీద ఉంది. కంటికి మిగిలేది రెండు వేల మీటర్ల తేడా మాత్రమే. అదీ నిటారుగా లేవదు. మెల్లగా, గుండ్రంగా, మైళ్ళ పొడవునా వాలుతూ లేస్తుంది. తెల్లటి టోపీ పెట్టుకున్న గుట్టల్లా ఉంటాయవి. యూరప్ ఖండంలో అంత ఎత్తు శిఖరం ఒక్కటీ లేదని ఆ వాలు చూసి ఎవరూ ఊహించలేరు. శిఖరాలన్నీ తమ ఎత్తును కింద నేలకే అప్పగించేశాయి. నేల దాన్ని మోస్తూ చదునుగా పడుకుని, ఏమీ తెలియనట్టు ఉంది.

దీన్ని వర్ణించడానికి నాకు దొరికిన మాటలు భూగోళశాస్త్రంలోవి కావు, అలంకారశాస్త్రంలోవి. తొమ్మిదో శతాబ్దంలో అవంతివర్మ ఏలిన కశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతాన్ని నిలబెట్టాడు. కావ్యానికి ప్రాణమైన అర్థం వాచ్యంగా ఉండదనీ, మాటల వెనక నుంచి వ్యంగ్యంగా స్ఫురిస్తుందనీ, స్త్రీలో లావణ్యం ఏ ఒక్క అవయవానికీ చెందకుండా వేరుగా మెరిసినట్టు మెరుస్తుందనీ ఆయన అన్నాడు. ఆయన కశ్మీరానికి తూర్పున, జాన్‌స్కర్ కొండల అవతల ఉన్న ఈ నేల అదే సూత్రాన్ని రాతిలో పాటించింది. చాంగ్‌థాంగ్‌లో ఎత్తు వాచ్యం కాదు. ఏ కొండా దాన్ని చెప్పదు. కాని ఆ ప్రదేశంలో కనబడే, వినబడే, ఒంటికి తగిలే ప్రతి చిన్న విషయం దాన్నే స్ఫురింపజేస్తుంది. సాధారణ పర్వతదృశ్యం నోరు విప్పి గట్టిగా చదివే పద్యం. ఇది అలా చదివితే దొరకదు.

మొదటి సూచన ఊపిరి. 4,500 మీటర్ల మీద గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ. కళ్ళు ఇది మైదానమే అంటాయి, ఇరవై అడుగులు గబగబా నడిస్తే గుండె కాదంటుంది. చూపుకూ శ్వాసకూ మధ్య వచ్చే ఈ తగాదాయే ఆ చోటుకు ప్రవేశద్వారం. రెండో సూచన నీళ్ళు. అక్కడ నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మూతలేని గిన్నెలో పప్పు ఎంతసేపు ఉంచినా మెత్తబడదు. అందుకే ఆ ప్రజల ముద్ద వేరు. యవలను ముందే వేయించి, పిండి విసిరి, ఉప్పూ వెన్నా వేసిన టీలో కలుపుకుని తింటారు. మరగవలసిన అవసరాన్నే తప్పించిన వంట అది. పూగా లోయలో అయితే వేడినీటి ఊటలు 84 డిగ్రీల వరకూ వేడెక్కి నేలలోంచి పైకొస్తాయి, అంటే వచ్చీరాగానే మరుగుతాయి. గంధకపు పసుపు, బొరాక్సు తెలుపు పట్టిన ఆ చిత్తడి నేల మీద ఆవిరి లేస్తుంటే, చుట్టూ కొండలు ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటాయి.

మూడోది వెలుగు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ రచనకు శిల్పమంతా ఇందులోనే ఉంది.

మన ఊళ్ళలో దూరాన్ని మనం కొలిచేది మసకతో. దగ్గరి కొండ ఆకుపచ్చ, దాని వెనకది నీలం, ఆ వెనకది పొగ. నల్లమల అంచుల్లోనైనా తూర్పు కనుమల్లోనైనా ఈ రంగుల మెట్లు దిగుతూనే చూపు దూరాన్ని అంచనా వేస్తుంది. ఆ నీలం కొండది కాదు, మధ్యలో ఉన్న తేమదీ ధూళిదీ గాలిదీ. చాంగ్‌థాంగ్‌లో ఆ మధ్యవర్తి దాదాపుగా తప్పుకున్నాడు. గాలి పలచన, తేమ లేదు. కాబట్టి ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్న వాలు మీద రాతిపగులు కూడా పక్కనే ఉన్నంత పదునుగా కనిపిస్తుంది. సాయంత్రానికి నడిచి వెళ్ళిపోవచ్చనిపించే కొండ మర్నాటికీ అంతే దూరంలో ఉంటుంది. చెట్టు లేదు, ఇల్లు లేదు, పోల్చుకోవడానికి మనకు తెలిసిన కొలత ఏదీ లేదు. దూరంగా కదిలిన చుక్క యాక్ అని అనుకుంటే అది మార్మట్ అనే చిన్న జంతువు అయి ఉండవచ్చు, రాయి అనుకున్నది గుడారం కావచ్చు. నెత్తిమీది ఆకాశం మధ్యాహ్నం వేళ కూడా నేరేడు రంగుకు దగ్గరపడుతుంది, వెలుగును చెదరగొట్టే గాలి పైన తక్కువ మిగిలింది కాబట్టి. నీడలు మెత్తగా అంచులు కరగవు, కోసినట్టు పడతాయి. ఎండలో చెంప కాలుతుంటే నీడలో ఉన్న చెవి గడ్డకడుతుంది.

నికొలాస్ రోరిక్ చిత్రాలను పుస్తకాల్లో మాత్రమే చూసినవాళ్ళు అవి కలలనుకుంటారు. అంత ఊదా, అంత నీలం, ఒకదాని పక్కన ఒకటి అతికించినట్టున్న కొండల పొరలు, మధ్యలో గాలే లేనట్టున్న ఆ స్వచ్ఛత అంతా చిత్రకారుడి ఆధ్యాత్మికత అని సరిపెట్టుకుంటారు. ఆయన 1925లో లద్దాఖ్ మీదుగా మధ్య ఆసియాకు బయలుదేరి, తిరుగుదారిలో 1927-28 చలికాలమంతా టిబెట్ వైపు చాంగ్‌థాంగ్‌లో అధికారులు ఆపేస్తే గుడారాల్లో నెలల తరబడి ఉండిపోయిన మనిషి. తర్వాత కులూ లోయలో నగ్గర్‌లో స్థిరపడి, 1947లో చనిపోయేదాకా ఆ రంగులు వేస్తూనే ఉన్నాడు. నా మటుకు ఆయన వాస్తవవాది. పలచటి గాలిలో కన్ను ఎలా పనిచేస్తుందో అలాగే వేశాడు. ఆయన కొండలకు బరువు లేదని విసుక్కునే విమర్శకులతో నేను ఏకీభవించలేను. ఆ వెలుగులో అసలు కొండకే బరువు ఉండదు.

ఇంత చదును ఎక్కడినుంచి వచ్చింది? దీనికి జవాబు మనాలీ నుంచి లేహ్‌కు వెళ్ళే దారిలోనే రాసి ఉంది. పాంగ్ అనే మజిలీ దగ్గర రోడ్డు ఒక ఇరుకు లోయలో ఉంటుంది. సుమ్‌ఖా ఏరు కోసిన గండి అది. రెండు వైపులా గోడలు, గోడల్లోంచి వానా గాలీ చెక్కిన మట్టి స్తంభాలు. అక్కడినుంచి దారి మెలికలు తిరుగుతూ గోడ ఎక్కుతుంది. మామూలుగా ఇలాంటి ఎక్కుడు తర్వాత కనుమ రావాలి, కనుమ తర్వాత దిగుడు రావాలి. ఇక్కడ పై అంచు చేరగానే దిగుడు లేదు. కళ్ళముందు దాదాపు 40 కిలోమీటర్ల పొడవునా బల్లపరుపు నేల. మోరే మైదానం, 4,700 మీటర్ల ప్రాంతంలో. ఒక్క మలుపులో లోకం నిలువు నుంచి అడ్డానికి తిరిగిపోతుంది. ఏ నాటకంలోనూ ఇంత సూటి రంగమార్పు నేను చూడలేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి, ఎక్కివచ్చిన గండి గోడను చూడాలి. అందులో రాతిపలకలు లేవు. గులకరాళ్ళు, మొరం, ఇసుక, మళ్ళీ గులకరాళ్ళు, వరసలు వరసలుగా. మైదానం తనను తాను నిలువునా కోసి చూపిస్తోంది. ఆ మైదానం ఏమిటంటే చుట్టూ ఉన్న కొండలే. రాత్రి రాతిపగుళ్ళలో నీరు గడ్డకట్టి ఉబ్బుతుంది, పగలు కరుగుతుంది, మళ్ళీ గడ్డకడుతుంది. రాయి పొడవుగా, బల్లగా, చివరికి చిప్పగా పగులుతుంది. ఆ ముక్కలు వాలు మీదుగా జారి, ప్రతి చిన్న వాగు మొగదలలోనూ విసనకర్రలా పరుచుకుంటాయి. విసనకర్రలు పెరిగి పెరిగి ఒకదాని అంచు ఒకటి కలుపుకుని లోయను నింపేస్తాయి. మోకాళ్ళ దాకా, నడుము దాకా, భుజాల దాకా కొండలు తమ శిథిలాల్లోనే దిగిపోయాయి. మనకు కనిపించే శిఖరాలు ఆ పూడికలోంచి బయట మిగిలిన తలలు.

ఇదే రాతిపొడి హిమాలయపు దక్షిణ ముఖంలో రాలితే ఒక్క వానాకాలంలో కొట్టుకుపోయేది. గంగో యమునో దాన్ని మోసుకెళ్ళి మైదానాలకు పంచేది. ఇక్కడ మోసుకెళ్ళే నీరు లేదు. లేహ్‌లో ఏడాది మొత్తానికి పడే వర్షపాతం 100 మిల్లీమీటర్లకు అటూఇటూ, మన కోస్తాలో ఒక వాయుగుండం ఒక్క రోజులో కురిసిపోయేంత. అంటే చుట్టూ ఉన్న పర్వతశ్రేణి ఈ పీఠభూమికి అంచు మాత్రమే అయి ఊరుకోలేదు. మబ్బును అవతలే ఆపేసి, ఇటువైపు నదుల చేతులు కట్టేసి, ఈ చదునును కాపాడుతున్నది ఆ శ్రేణే. శ్రేణినీ బయలునూ విడివిడిగా మెచ్చుకోవడం ఒకే వాక్యంలోని కర్తనూ క్రియనూ వేరు చేసి చదవడమే.

సింధునది దీనికి సాక్షి. కైలాసం దగ్గర పుట్టి దెమ్‌చోక్ మీదుగా లద్దాఖ్‌లోకి వచ్చినప్పుడు దానికి ఎక్కడికీ తొందర లేదు. లోమా, న్యోమా దగ్గర అది వెడల్పాటి లోయలో ఇసుకతిన్నెల మధ్య మెలికలు తిరుగుతూ, ఎక్కడ పారుతోందో ఎక్కడ నిలిచిందో తెలియనంత నెమ్మదిగా వెళుతుంది. ఆకాశమంతా అందులో పడుతుంది. మాహే దాటాక అదే నది రాతిగండిలో పడి అరుస్తూ దిగుతుంది. ఆ నదిలో పీఠభూమి ముగిసి పర్వతం మొదలయ్యే గీతను చెవితోనే గుర్తుపట్టవచ్చు. పాంగ్ దగ్గర సుమ్‌ఖా చేస్తున్నదీ అదే పని. సముద్రానికి దారి దొరికిన ఏర్లు పీఠభూమి అంచును కొరుక్కుంటూ లోపలికి వస్తున్నాయి. ఈ చదును శాశ్వతం కాదు. మన జన్మలో అది తరగడం కనిపించదు, అంతే.

ఎత్తుకు మూలం ఇంకా లోతున ఉంది. భారత ఫలకం వచ్చి ఆసియాను గుద్దుకుని సుమారు 5 కోట్ల సంవత్సరాలైంది. రెండు ఖండాల పెంకులూ ఒకటి మీద ఒకటి ఎక్కి ముడుచుకోవడంతో టిబెట్ కింద భూపటలం 70 కిలోమీటర్ల మందానికి చేరింది, మామూలు ఖండాల కింద ఉండేదానికి ఇంచుమించు రెట్టింపు. తేలికరాతి ఆ మందం కింది బరువైన పొర మీద తేలుతోంది. కాబట్టి మనం నిలబడ్డ నాలుగున్నర కిలోమీటర్లు కింద దాగిన వేరుకు పైన కనిపించే కొద్ది భాగమే. ధ్వనిలోనూ ఇంతే కదా, పలికినది కొంచెం, మోస్తున్నది అంతా కింద.

ఈ తాకిడిలో నలిగి మాయమైన టెథిస్ సముద్రం తన గుర్తులను అక్కడే వదిలింది. సింధు ఒడ్డున నిదార్ పరిసరాల్లో కొండలు ఆకుపచ్చగా ఉంటాయి, ఒక్క గడ్డిపోచ లేకుండానే. అవి సముద్రగర్భం అట్టడుగు రాళ్ళు, పైకి నెట్టబడి ఆకాశం కిందికి వచ్చాయి. వాటి పక్కనే చెర్ట్ అనే గట్టి రాతి పొరలు ఎర్రెర్రగా సాగుతాయి. కంటికి కనబడనంత చిన్న సముద్రజీవుల పెంకులు లోతు నీటి అడుగున పేరుకుని రాయైనవి అవి. ఊదా, కుంకుమ, పాచి, బూడిద రంగులు ఒకే వాలు మీద చారలుగా దిగుతుంటే మన కళ్ళు ముందు పూలతోటను వెతుక్కుంటాయి. వృక్షాలు లేనిచోట రంగు వేయవలసిన బాధ్యత రాయి తీసుకుంది. మట్టి కప్పలేదు, అడవి కప్పలేదు కాబట్టి భూమి పుట్టుక మొత్తం బయటే ఉంది. రాతి వయసు తెలిసి చూస్తే ఆ అందం రెట్టింపవుతుంది. తెలిస్తే అందం పోతుందనే మాటను నేను నమ్మను.

సరస్సుల మాటకొస్తే నా పక్షపాతం దాచుకోను. పాంగోంగ్ మహా సుందరి. 134 కిలోమీటర్ల పొడవు, మూడోవంతు మన వైపు. ఒకప్పుడు దాని నీళ్ళు ష్యోక్ నదిలోకి, అక్కడినుంచి సింధులోకి పోయేవి. దారి మూసుకుపోయాక నిలిచి ఉప్పెక్కాయి. తూర్పు కొసన ఇంకా మంచినీళ్ళు, పడమటి కొసన ఉప్పునీళ్ళు. ఉప్పునీరైనా చలికాలంలో గడ్డకట్టేస్తుంది. గంటకో రంగు మార్చే ఆ నీలాన్ని సినిమా దేశమంతటికీ చూపించింది. అయినా రసం దగ్గరికి వచ్చేసరికి నేను త్సో కర్‌కే ఓటు వేస్తాను. అది చిన్నది, ఉప్పుతో తెల్లబారినది, ఫొటోలో పెద్దగా నిలబడనిది. కాని దాని చుట్టూ ఉన్న కొండవాలుల మీద, ఇప్పటి నీటిమట్టానికి పదుల మీటర్ల పైన, ఒకదాని కింద ఒకటి సమాంతర గీతలు ఉంటాయి. అవి పాత ఒడ్డులు. ఒక్కో గీత దగ్గర ఒక్కో కాలంలో అలలు తాకాయి. సరస్సు ఎండుతూ దిగుతూ, ఆగిన చోటల్లా గీత గీసి, మళ్ళీ దిగింది. లేని నీరు అక్కడ ఉన్న నీటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. చాంగ్‌పా కాపరులు తరతరాలుగా ఈ ఒడ్డునే ఉప్పు పోగుచేసి, గొర్రెల వీపుల మీద సంచులు కట్టి, ధాన్యానికి మార్చుకునేవారు. ఆ వర్తకం ఆగిపోయింది, ఉప్పు మాత్రం ఎండలో మెరుస్తూనే ఉంది. పక్కనే స్టార్ట్‌సాపుక్ అనే మంచినీటి చెరువు, ఆ రెంటినీ కలిపే సన్నటి కాలువ, కాలువ చుట్టూ పచ్చిక. ఉప్పు తెలుపుకూ పచ్చికకూ మధ్య కియాంగ్‌లు మేస్తుంటాయి. పైన ఇటుకరంగు, కింద తెలుపు, వీపు మీద నల్లగీత ఉన్న అడవిగాడిదలు. జీపు వస్తే పారిపోవడానికి బదులు దానికి సమాంతరంగా పరుగెత్తి, చివర్లో అడ్డంగా దాటి, ఆగి చూస్తాయి. ఎందుకలా చేస్తాయో ఏమో, ఆ పరుగులో అంత చదునుకు ఒక్కసారి ప్రాణం వస్తుంది.

ప్రాణం అక్కడ చాలా పొదుపుగా ఉంటుంది. 5,500 మీటర్ల పైన కూడా బతికే ఒక మొక్క ఉంది. ఆకులూ కొమ్మలూ ఒకదానికొకటి అదిమి పెట్టుకుని, రాయంత గట్టి ఆకుపచ్చ దిండులా నేలకు అతుక్కుని ఉంటుంది. గాలికి పట్టు దొరకదు. ఎండపడితే దాని లోపలి వేడి బయటి గాలికన్నా ఎక్కువ. చేత్తో తట్టి చూస్తే తప్ప మొక్కని నమ్మలేం. హాన్లే, త్సో కర్ చిత్తడి నేలల్లో నల్లమెడ కొంగలు జంటలుగా గూడు పెడతాయి, లద్దాఖ్‌లో ఉన్నవే కొద్ది. త్సో మోరిరి దిబ్బల మీద తలపై రెండు నల్లపట్టీలున్న పెద్దబాతులు పిల్లల్ని చేస్తాయి. హిమాలయాన్ని ఎగిరి దాటే జాతి ఇది, చలికాలంలో మంజీర నీళ్ళ మీదా దక్కన్ చెరువుల్లోనూ కనిపించేదీ ఇదే. వానాకాలం రాగానే మానససరోవరానికి వెళ్ళిపోయే కావ్యాల హంస ఈ పక్షే అయి ఉండాలని కొందరు పండితులు అంటారు. ఆ మాట నాకు ఎంతో ఇష్టం. మానససరోవరం ఉన్నదీ ఈ పీఠభూమి మీదే. మన కవులు ఈ నేలను చూడలేదు గాని, అక్కడినుంచి వచ్చి తిరిగి వెళ్ళే ప్రాణిని మాత్రం గుర్తుపట్టి దాచిపెట్టారు.

రాత్రి గురించి చెప్పకపోతే సగం చెప్పినట్టే. హాన్లే దగ్గర లోయ వెడల్పుగా ఉంటుంది, మధ్యలో చిన్న గుట్ట మీద పదిహేడో శతాబ్దపు మఠం. ఆ పక్కన ఇంకో గుట్ట మీద భారత ఖగోళ వేధశాల. 4,500 మీటర్ల మీద ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు 2000లో తొలిసారి కన్ను తెరిచింది. బెంగళూరు దగ్గరి హొసకోటెలో కూర్చున్న శాస్త్రజ్ఞులు ఉపగ్రహం ద్వారా దాన్ని తిప్పుతారు. పగలు కొండల మధ్య మసకను తీసేసిన ఆ పొడిగాలే రాత్రి నక్షత్రాల మధ్య కూడా తీసేస్తుంది. కింద, 2024 అక్టోబరులో ప్రారంభమైన మేస్ టెలిస్కోపు ఉంది. 21 మీటర్ల వెడల్పు అద్దాల పళ్ళెం, 356 పలకలతో కూర్చినది. భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి దాన్ని నిర్మించింది హైదరాబాదులోని ఈసీఐఎల్. సుదూర అంతరిక్షం నుంచి గామా కిరణం వచ్చి మన వాతావరణాన్ని తాకినప్పుడు సెకనులో వందకోట్లవ వంతుల లెక్కన మాత్రమే నిలిచే నీలి మెరుపు పుడుతుంది. మేస్ వెతికేది ఆ మెరుపునే. ఆ వెలుగు పుట్టేచోటుకు దగ్గరగా ఉండటమే అక్కడ ఎత్తు వల్ల లాభం. ఊపిరిలోనూ గిన్నెలోనూ స్ఫురించిన ఎత్తు ఇక్కడ యంత్రానికీ స్ఫురించింది. 2022లో హాన్లే చుట్టుపక్కల ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు, దేశంలో మొదటిది. అక్కడి గ్రామస్థులు కిటికీలకు మందపు తెరలు వేసుకుంటారు. వాళ్ళలో కొందరు శిక్షణ పొంది, వచ్చినవాళ్ళకు చిన్న టెలిస్కోపులతో శనివలయాలు చూపిస్తారు. చీకటిని పంటలా కాపాడుకునే ఊళ్ళు ఇంకెక్కడున్నాయి?

ఇదంతా ఏ రసం? వెంటనే నోటికి వచ్చేది అద్భుతం. నాకు మాత్రం అక్కడ ఆ పేరు చాలదనిపిస్తుంది. అద్భుతానికి స్థాయి విస్మయం. విస్మయం మొదటి గంటలో, పాంగ్ మెలికల పైన, తీరిపోతుంది. తర్వాత మిగిలేది వేరు. చూడటానికి ప్రత్యేకంగా ఒక వస్తువు లేని చోట చూపు ఏదో ఒకదాన్ని పట్టుకోవడం మానేస్తుంది. దేన్నీ కోరకుండా అలా తెరుచుకుని ఉంటుంది. ఆనందవర్ధనుడి గ్రంథానికి లోచనమనే వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు శాంతాన్ని తొమ్మిదో రసంగా గట్టిగా నిలబెట్టాడు, మిగతా రసాలన్నీ దానిలోంచే లేచి దానిలోకే తగ్గుతాయన్నాడు. ఆ మాటను పుస్తకంలో చదివినప్పుడు తర్కంగా అర్థమైంది. త్సో కర్ గీతల ఎదుట కూర్చున్నప్పుడు ఒంటికి అర్థమైంది. అయితే అది సుఖమైన శాంతం కాదు. మధ్యాహ్నం రెండింటికి లేచే గాలి చెవులు కోస్తుంది, ఇసుక పళ్ళలో కరకరలాడుతుంది, తలనొప్పి కణతల్లో కొడుతూనే ఉంటుంది. ఆ బాధను పక్కకు తోసి అందాన్ని విడదీసి చెప్పడం నాకు చేతకాదు. ఎత్తును ఒళ్ళు మోస్తేనే అక్కడి శాంతం దొరుకుతుంది.

ఈ నేలను ఖాళీ అనడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. ఈ కాలంలో ఆ మాటకు బరువు పెరిగింది. పాంగ్ ప్రాంతంలో 13 గిగావాట్ల సౌర, పవన విద్యుత్ కేంద్రం తలపెట్టారు. చదును, పొడి ఎండ, అడ్డులేని ఆకాశం, నేను ఇంతసేపూ మెచ్చుకున్న గుణాలే దానికీ అర్హతలు. దేశానికి విద్యుత్తు కావాలి, బొగ్గు కన్నా ఎండ మేలు, నేను కాదనను. కాని పటం మీద తెల్లగా కనిపించే ఆ బయలు కోర్జోక్, రుప్షు, ఖర్నక్ కాపరుల మేతనేల. తమ గడ్డి పోతుందని వాళ్ళు భయపడుతున్నారు. ఖర్నక్ కుటుంబాలు ఇప్పటికే చాలావరకు లేహ్ శివారుకు తరలివెళ్ళాయి. మిగిలినవాళ్ళు ఇంకా యాక్ వెంట్రుకలతో నేసిన నల్లటి రెబో గుడారాలను, పైన పొగ పోయే సందును వదిలి, నెలకో చోట దింపి ఎత్తుతూ తిరుగుతున్నారు. వాళ్ళ మేకల ఒంటి మీద చలికి పుట్టే పష్మీనా ఉన్ని 12 నుంచి 15 మైక్రాన్ల సన్నం. ముప్పై డిగ్రీలు సున్నాకు దిగువన పడే రాత్రులు లేకపోతే ఆ మెత్తదనం లేదు.

ఆ బయలును వాళ్ళు చదివే తీరు ముందు మన రసికత చిన్నది. ఏ వాలు మీద గాలి మంచును ఊడ్చి గడ్డిని బయటపెడుతుందో, ఏ పచ్చికను వేసవంతా ముట్టకుండా చలికాలానికి దాచాలో, ఏ ఊట ఏ నెలదాకా గడ్డకట్టదో, ఏ బుర్త్‌సే పొద వేళ్ళు పొయ్యిలోకి తవ్వుకోవచ్చో, తోడేలు ఏ దారిన దొడ్డి గోడ దూకుతుందో వాళ్ళకు తెలుసు. మోరే మైదానంలో ఎక్కడ సౌర పలకలు పాతాలో, ఎక్కడ పాతకూడదో గీత గీసేవాళ్ళు ఒక ఏడాది నాలుగు రుతువులూ ఆ మందల వెంట నడవాలి, గీత ఆ తర్వాత గీయాలి.